శివారు ఫోన్ దాకా: చిన్న యాప్‌కి అప్‌డేట్ వదిలే పద్ధతి

మాది భీమవరం పక్కన ఊరు. నేనొక్కడినే రాసి, నేనొక్కడినే నడుపుతున్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటుంది. రొయ్యల చెరువుకి రోజూ ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఎంత మిగిలింది, ఏరేటర్ల డీజిల్‌కి ఎంతైంది, కూలీలకి ఎంతిచ్చారు, ఈ లెక్కలు రాసుకోడానికి. వాడేవాళ్లు కొన్ని వందల మంది. ఈ మధ్య పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు కుర్రాళ్లు ఇలాంటి చిన్న యాప్‌లు చేసి నన్ను అడుగుతున్నది ఒకటే: "అన్నా, రాయడం వచ్చింది, జనంలోకి వదలడం ఎలా? వదిలాక మార్చడం ఎలా?" వాళ్ల కోసమే ఇది. ప్లే స్టోర్ గురించే చెబుతాను, మన రైతుల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే కాబట్టి.

ధవళేశ్వరంలో ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇన్నేళ్లుగా మన డెల్టాలో కాలువకి నీళ్లొదిలారంటే జనం అడిగే ప్రశ్న మారలేదు: మొగల్తూరు వైపు శివారు చేలకి నీరెక్కిందా? అప్‌డేట్‌కి కూడా నేను అదే ప్రశ్న వేసుకుంటాను. నా టేబుల్ మీదున్న కొత్త ఫోన్‌లో పనిచేసిందా అన్నది తల దగ్గర సంగతి. నాలుగు అప్‌డేట్లు దాటేసి, వైఫై అన్నదే లేకుండా, మెమరీ నిండిపోయిన పాత ఫోన్‌లో చెరువుగట్టు మీద వాడే మనిషి ఉన్నాడే, ఆయన దగ్గర పనిచేసిందా అన్నదే అసలు సంగతి.

ఇది నాకు ఒక తప్పు వల్ల తెలిసింది. అరకేజీ మేత కూడా రాసుకునేలా చెయ్యమని కొందరు అడిగితే డేటాబేస్‌లో ఒక కాలమ్ మార్చి, నా ఫోన్‌లో చూసుకుని, సాయంత్రం అందరికీ ఒకేసారి వదిలేశాను. మర్నాడు పొద్దున్న ఆకివీడు వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏం బాబూ, డెబ్బై రోజుల లెక్క ఏదీ? చెరువు పేరు కూడా లేదు." యాప్‌లో డేటాబేస్ నడపడానికి వాడే రూమ్ లైబ్రరీలో "ఫాల్‌బ్యాక్ టు డిస్ట్రక్టివ్ మైగ్రేషన్" అని ఒక లైను ఉంటుంది. పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి దారి రాయకపోతే, పాతదాన్ని చెరిపేసి ఖాళీది పెట్టమని దానర్థం. యాప్ తయారుచేసేటప్పుడు సుఖంగా ఉంటుందని పెట్టుకున్న ఆ లైనుని తీయడం మర్చిపోయాను. ఆయన మేత కొట్టులో అరువు తెచ్చుకుంటారు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యాక ఆ లెక్క చూసుకునే బాకీ తీరుస్తారు. డెబ్బై రోజుల బిల్లులు ఇద్దరం కూర్చుని మళ్లీ ఎక్కించాం, రెండు రోజులు పట్టింది. అందుకని మిగతా అన్నిటికంటే ముందు డేటా సంగతి.

ఆ లైను మీ కోడ్‌లో ఉందేమో ఇప్పుడే వెతికి తీసేయండి. అది లేకపోతే, దారి రాయని చోట యాప్ క్రాష్ అవుతుంది. క్రాష్ అవడమే మేలు, ఎందుకంటే డేటా అలాగే ఉంటుంది, రేపు సరిచేసిన అప్‌డేట్ వస్తే లెక్కలు తిరిగి కనిపిస్తాయి. డేటాబేస్ మార్చిన ప్రతిసారీ దాని వెర్షన్ ఒకటి పెంచి, 4 నుంచి 5కి, 5 నుంచి 6కి ఇలా ప్రతి మెట్టుకీ మైగ్రేషన్, అంటే పాతదాని నుంచి కొత్తదానికి దారి, రాయండి. పాత మెట్లు "ఇంకెవరుంటార్లే" అని తీసేయకండి. 4 మీదున్న మనిషి ఒక్కసారిగా 8కి రావచ్చు, అప్పుడు మధ్యలో మెట్లన్నీ వరసగా ఎక్కి రావాలి.

ఇంకో జాగ్రత్త. మైగ్రేషన్ మొదలుపెట్టే ముందు పాత డేటాబేస్‌ని యాప్ ఫోల్డర్‌లోనే వేరే పేరుతో కాపీ చేసి ఉంచండి. రూమ్ కింద ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌లో అసలు ఫైలు పక్కనే 'వాల్' (-wal) అని ముగిసే ఫైలు ఒకటి ఉండొచ్చు, దాన్ని కూడా కలిపి కాపీ చేయాలి. లేకపోతే ఆఖరున రాసిన ఎంట్రీలు కాపీలోకి రాకపోవచ్చు. ఆ కాపీని వచ్చే అప్‌డేట్ దాకా ఉంచి తర్వాత తీసేయవచ్చు. ఆండ్రాయిడ్ తనంతట తాను గూగుల్ డ్రైవ్‌కి చేసే బ్యాకప్ ఒకటుంది, యాప్‌కి 25 ఎంబీ దాకా. దాన్ని మాత్రం నమ్ముకోకండి. ఫోన్ వాడకుండా పక్కన పెట్టి, ఛార్జింగ్‌లో ఉండి, వైఫై దొరికినప్పుడే సాధారణంగా అది జరుగుతుంది. గట్టు మీద రేకుల షెడ్డులో కాపలా ఉండే మనిషికి వైఫై ఎక్కడిది? లెక్కంతా ఒక ఫైలుగా వాట్సాప్‌లో ఇంటికి పంపుకునే బటన్ ఒకటి పెట్టండి. నా యాప్‌లో జనానికి ఎక్కువ ధైర్యమిచ్చింది ఆ బటనే.

పనిలో పని, మేతని గ్రాముల్లో, డబ్బుని పైసల్లో, పూర్ణాంకాలుగా దాచండి. తెర మీద కేజీలు, రూపాయలుగా చూపించండి. నేను మొదటి రోజే అలా చేసి ఉంటే ఆ కాలమ్ మార్చే అవసరమే వచ్చేది కాదు.

ఇక మొదటిసారి వదలడం. ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టే చోటైన ప్లే కన్సోల్‌లో డెవలపర్ ఖాతాకి 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ఒక నిబంధన ఉంది: యాప్‌ని అందరికీ వదిలే ముందు కనీసం 12 మంది 14 రోజులపాటు ఆగకుండా క్లోజ్డ్ టెస్ట్‌లో (మనం ఎంచుకున్నవాళ్లకే యాప్ అందే పరీక్ష) ఉండాలి. మొదట్లో 20 మంది కావాలనేవారు, 2024 డిసెంబరులో 12కి తగ్గించారు. చాలామంది దీన్ని పెద్ద ఆటంకంగా చూసి, స్నేహితుల మెయిల్ ఐడీలు పన్నెండు పోగేసి గట్టెక్కేద్దాం అనుకుంటారు. నా మాట వినండి, ఆ 12 మందిని నిజంగా వాడేవాళ్లలోంచే తీసుకోండి. మేత కొట్టు కుర్రాడు, ఇద్దరు ముగ్గురు రైతులు, చెరువు కౌలుకి చేసేవాళ్లు, రొయ్యలు కొనడానికి వచ్చే కమీషన్ ఏజెంటు. అందులో కనీసం నలుగురివి ఐదారేళ్ల పాత ఫోన్లై ఉండాలి. మధ్యలో ఎవరైనా టెస్ట్‌లోంచి బయటికి వెళ్లిపోతే లెక్క తప్పుతుంది కాబట్టి పదిహేను పదహారు మందిని పెట్టుకోండి.

అప్పుడే ఇంకొకటి కూడా చూడండి. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల సైజు పెద్దది పెట్టి ప్రతి పేజీ తెరవండి. మన పెద్దవాళ్లు చాలామంది అలాగే వాడతారు. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయే ఎత్తులో బటన్ కడితే తెలుగు ఒత్తులు కింద తెగిపోతాయి. 'ఖర్చు'లో ఒత్తు తెగితే 'ఖరు' అయి కూర్చుంటుంది.

సంతకం తాళం, అంటే సైనింగ్ కీ, గురించి కాస్త ఆగి చెప్పాలి. మీ యాప్ మీదేనని గుర్తుపట్టేది ఆ కీ ఫైలుతోనే. ఇప్పుడు ప్లే స్టోర్‌లో కొత్త యాప్ ఏఏబీ (యాప్ బండిల్) ఫైలుగానే పెట్టాలి (2021 ఆగస్టు నుంచి), అసలు సంతకం గూగుల్ దగ్గరున్న కీతో జరుగుతుంది, మన దగ్గరుండేది అప్‌లోడ్ కీ. అది పోతే మార్చమని అడగొచ్చు, కానీ మారేదాకా అప్‌డేట్ వదల్లేరు, పైగా అది సరిగ్గా అవసరమైన రోజే పోతుంది. దాన్నీ పాస్‌వర్డునీ మూడు చోట్ల పెట్టండి, అందులో ఒకటి ఊరు దాటి ఉండాలి. 1996 నవంబరు తుపాను చూసిన ఇళ్లలో ముఖ్యమైన కాగితాలన్నీ ఒకే బీరువాలో పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. నా కీ కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో రాజమండ్రిలో మా పిన్ని ఇంట్లో ఉంది.

ఈ కీ వల్లే ఇంకో ఇబ్బంది వస్తుంది, కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇందులో పడతారు. ఎవరో ఫోన్ చేసి "పనిచేయట్లేదు" అంటే, తొందరలో మన కంప్యూటర్‌లో తయారైన ఏపీకేని (ఫోన్‌లో నేరుగా ఎక్కించే యాప్ ఫైలు) వాట్సాప్‌లో పంపేస్తాం. అది మన కీతో సంతకమైంది, ప్లే స్టోర్ నుంచి వచ్చింది గూగుల్ దగ్గరున్న కీతో. ఒకదాని మీద ఒకటి ఎక్కదు, "ఇన్‌స్టాల్ కాలేదు" అంటుంది. పాపం ఆయన పాతది తీసేసి కొత్తది వేసుకుంటాడు. తీసేసిన క్షణంలోనే లెక్కలన్నీ పోతాయి. అంతగా ఫైలు పంపాల్సి వస్తే ప్లే కన్సోల్‌లో యాప్ బండిల్ ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి, గూగుల్ సంతకం చేసిన యూనివర్సల్ ఏపీకే దించుకుని అదే పంపండి. అంతకంటే మంచి దారి ఇంటర్నల్ టెస్టింగ్. 100 మంది దాకా పెట్టుకోవచ్చు, మామూలుగా కొద్ది నిమిషాల్లోనే వాళ్ల ఫోన్లకి చేరుతుంది.

నంబర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. వెర్షన్ కోడ్, అంటే ఏది కొత్తదో ఫోన్ గుర్తుపట్టే నంబరు, ప్రతిసారీ పెరగాలి, వెనక్కి రాదు. వెర్షన్ పేరు జనం చూసేది, 2.3.1 లాగా: పెద్ద మార్పుకి మొదటి అంకె, కొత్త సదుపాయానికి రెండోది, మరమ్మతుకి మూడోది. వదిలిన ప్రతి వెర్షన్‌కీ గిట్‌లో (కోడ్ మార్పులు దాచే సాధనం) ట్యాగ్ వేయండి, ఆ ఏపీకేని ఒక ఫోల్డర్‌లో దాచండి.

దాచమన్నది ఎందుకంటే, పరీక్ష దానితోనే చేయాలి. పాత ఏపీకే ఎక్కించండి, అందులో రెండు చెరువులు, నెల రోజుల మేత ఎంట్రీలు వేయండి, దాని మీద అదే కీతో సంతకం చేసిన కొత్తది ఎక్కించండి, మొత్తం కేజీలు సరిపోయాయో లేదో చూడండి. నిన్నటి వెర్షన్ మీద నుంచి ఒకసారి, అన్నిటికంటే పాతదాని మీద నుంచి ఒకసారి. ఖాళీ ఫోన్‌లో కొత్తగా ఎక్కించి బాగుంది అనుకోవడం పరీక్ష కాదు, ఎందుకంటే మీ జనంలో ఖాళీ ఫోన్‌తో వచ్చేవాళ్లు తక్కువ.

ఎప్పుడు వదలాలి? నేను మంగళవారమో బుధవారమో పొద్దున్న పది గంటలకి వదులుతాను, ఆ తర్వాత రెండు రోజులు ఊళ్లోనే ఉంటాను. సంక్రాంతి మూడు రోజులూ, దాని ముందు వారమూ వదలను, పండక్కి ఇంటి నిండా చుట్టాలుంటే ఫోన్ ఎత్తేదెవరు? మా చుట్టుపక్కల పట్టుబడులు జోరుగా ఉన్నప్పుడు కూడా వదలను, అప్పుడు రైతులు కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు), రేటు, బాకీల టెన్షన్‌లో ఉంటారు, ఆ పూట తెర మీద బటన్ చోటు మారినా వాళ్లకి కోపమొస్తుంది, అది న్యాయమే. గూగుల్ రివ్యూకి గంటలు పట్టొచ్చు, వారమూ పట్టొచ్చు. అందుకని కన్సోల్‌లో మేనేజ్డ్ పబ్లిషింగ్ పెట్టుకోండి. రివ్యూ పూర్తయినా మీరు నొక్కేదాకా బయటికి వెళ్లదు.

నొక్కేటప్పుడు అందరికీ ఒకేసారి కాదు. లాకుల దగ్గర తలుపులు కొంచెం కొంచెం ఎత్తుతారు చూడండి, స్టేజ్డ్ రోలౌట్ అదే. మొదటి విడుదలకి ఇది ఉండదు, ఆ తర్వాత అప్‌డేట్లకే. నాకు వాడేవాళ్లు తక్కువ కాబట్టి ఒక శాతం అంటే ముగ్గురు నలుగురే. అందుకే 10 శాతంతో మొదలుపెట్టి రెండు రోజులు చూస్తాను, తర్వాత 30, తర్వాత 100. ఇంత తక్కువ మందికి కన్సోల్‌లో క్రాష్ లెక్కలు చాలాసార్లు కనిపించవు కూడా, డేటా చాలదని ఊరుకుంటుంది. కాబట్టి యాప్‌లోనే మీ ఫోన్ నంబర్ కనపడేలా పెట్టండి, సెట్టింగుల పేజీలో వెర్షన్ పేరు పెద్ద అక్షరాలతో రాయండి. "బాబాయ్ గారూ, అడుగున ఏ నంబరుందో చదవండి" అంటే చాలు, సగం సమస్య ఏమిటో తెలిసిపోతుంది.

తేడా కనిపిస్తే రోలౌట్ ఆపేయండి, సిగ్గుపడకండి. కానీ ఆపితే కొత్తవాళ్లకి వెళ్లడం ఆగుతుందే తప్ప, అప్పటికే అందుకున్నవాళ్ల ఫోన్‌లో అది ఉండిపోతుంది. వెర్షన్ కోడ్ వెనక్కి రాదు కాబట్టి వాళ్లని పాతదానికి తేలేం. చేయగలిగేది పాత కోడ్‌నే ఇంకా పెద్ద నంబరుతో మళ్లీ వదలడం. ఇక్కడ ఒక గొయ్యి ఉంది: వాళ్ల డేటాబేస్ ఇప్పటికే 8కి మారిపోయి ఉంటే, 7 మాత్రమే తెలిసిన పాత కోడ్ దాన్ని తెరవలేక క్రాష్ అవుతుంది. అందుకే డేటాబేస్ మార్పుని, తెర మీద మార్పుని ఒకే అప్‌డేట్‌లో పెట్టకండి. ముందు డేటాబేస్ మార్పు ఒక్కటే వదలండి, అది శివారు దాకా చేరి కుదుటపడ్డాక రెండోది. అప్పుడు తెర మార్పులో తప్పొచ్చినా వెనక్కి అడుగు వేయడానికి నేల ఉంటుంది.

"కొత్తగా ఏముంది" అన్న చోట 500 అక్షరాలే పడతాయి, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి తెలుగులో ఇంకా తొందరగా అయిపోతుంది. "బగ్స్ సరిచేశాం" అని రాసి వదిలేయకండి. "ఇప్పుడు అరకేజీ మేత కూడా రాసుకోవచ్చు. పాత లెక్కలు అలాగే ఉంటాయి" అని రాయండి. రెండో వాక్యం కోసమే వాళ్లు చదువుతారు.

ఏ మార్పూ అవసరం లేకపోయినా అప్పుడప్పుడూ అప్‌డేట్ తప్పదు, టార్గెట్ ఏపీఐని, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు ఉండాలో ఆ నంబరుని, గూగుల్ ఏటా పెంచుతుంది. 2025 ఆగస్టు 31 గడువుకి అది ఆండ్రాయిడ్ 15, అంటే ఏపీఐ 35గా ఉండేది. జూన్‌లోనే మొదలుపెట్టండి. ఆ పనిలో లైబ్రరీలు కొత్తవి పెట్టినప్పుడు మినిమమ్ ఎస్‌డీకే (యాప్ నడవడానికి కావలసిన కనీస ఆండ్రాయిడ్ వెర్షన్) మీకు తెలియకుండా పెంచాల్సి వస్తుందేమో చూసుకోండి. అది పెరిగితే పాత ఫోన్లవాళ్లకి ఇక అప్‌డేట్లు రావు. నేనైతే అలాంటి లైబ్రరీని వదులుకుంటాను గానీ మనిషిని వదులుకోను.

100 శాతానికి వెళ్లాక పని అయిపోయినట్టు కాదు. కన్సోల్‌లో స్టాటిస్టిక్స్‌లో వెర్షన్ల వారీగా ఎంతమంది ఉన్నారో కనిపిస్తుంది, నెలకోసారి చూడండి. నా దాంట్లో డేటాబేస్ 4 ఉన్న పాత వెర్షన్ మీద ఇవాళ్టికీ ఇద్దరున్నారు. 4 నుంచి 5కి వెళ్లే ఆ ఇరవై లైన్లని అందుకే ఇంకా తీయలేదు, ప్రతి అప్‌డేట్‌కి ముందు ఆ పాత ఏపీకే ఎక్కించి వాళ్లిద్దరి కోసం ఒకసారి పరీక్ష చేస్తున్నాను.