కొత్త కందిపొడి ప్యాకెట్‌ను కిరాణా కొట్టుకు ఎక్కించడం ఎలా?

ముందు కాగితాలు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరును దాని ఫోస్కోస్ సైట్‌లో తీసుకోండి. ఆ 14 అంకెలు ప్యాకెట్ మీద ఉండాలి. పేరును ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతికాకే లేబుల్ డిజైన్ చేయించండి. ఎమ్మార్పీ, నికర బరువు, గ్రాము ధర, తయారీ తేదీ, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, శాకాహారపు పచ్చ చుక్క: వీటిలో ఏదీ వదలొద్దు. రంగుల పౌచ్‌లు అచ్చేయించే తొందర వద్దు. రంగులు అచ్చేసే సిలిండర్ల ఖర్చు పెట్టి, కిలోల లెక్కన ఆర్డరిచ్చాక ధర మారిస్తే పౌచ్‌లన్నీ చెత్తబుట్టకే. మొదటి 500 ప్యాకెట్లకు సాదా పౌచ్, స్టిక్కర్ చాలు.

పొడి పూర్తిగా చల్లారాకే సీల్ వేయండి. వేడి మీద కడితే లోపల ఆవిరి పట్టి ఉండలు కడుతుంది. నిల్వ ఎన్నాళ్లో ఊహించి రాయకండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. సైజు 150 గ్రాములే. అరకిలోతో మొదలుపెట్టడం తప్పు. తెలియని బ్రాండును అంత ఎవరూ కొనరు.

ఇక ధర. మునిగేవాళ్లు మునిగేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఎమ్మార్పీ 105 రూపాయలు, జీఎస్టీ 5 శాతం అనుకుందాం. పన్ను పోతే 100. తయారీకి 42, పౌచ్, స్టిక్కర్, అట్టపెట్టెకు 7. వాట్సాప్‌లో బంధువులకు అమ్మినన్నాళ్లూ 51 మిగిలినట్టే కనిపిస్తుంది. ఆ అంకెను నమ్ముకుని కొట్టు మెట్లెక్కకండి.

కొట్టు యజమాని 20 శాతం మార్జిన్ అడుగుతాడు. దేని మీద 20 అన్నది అక్కడే తేల్చుకోండి. అమ్మే ధర మీదైతే మీరు 80కి ఇవ్వాలి. కొన్న ధర మీదైతే 83 రూపాయల 33 పైసలకు ఇవ్వొచ్చు. ప్యాకెట్‌కు మూడు రూపాయల పైన తేడా, అదీ ఒక్క మాట అడగనందుకు. ఆ 80లో డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం తీస్తే మీకు 73.60.

అయిపోలేదు. 12కి 1 ఫ్రీ స్కీము లేకుండా కొత్త సరుకు దింపుకోరు. అంటే 12 ప్యాకెట్ల డబ్బుకు 13 ఇస్తున్నారు. ఒక్కోదానికి వచ్చేది 67.94. రవాణా 6 కలిపితే మీ ఖర్చు 55. నూటికి 5 ప్యాకెట్లు చిరిగో, తేదీ దాటో వెనక్కొస్తే 95 ప్యాకెట్ల డబ్బుతో 100 ప్యాకెట్ల ఖర్చు తీరాలి. 6,454లోంచి 5,500 తీసేస్తే ప్యాకెట్‌కు మిగిలేది తొమ్మిదిన్నర. సేల్స్‌మన్ జీతం, పెట్రోలు, గది అద్దె, అన్నీ అందులోంచే. అవి తీరవనిపిస్తే ఇప్పుడే ఎమ్మార్పీ పెంచండి, లేదా డిస్ట్రిబ్యూటర్ లేకుండా సొంతంగా వేయండి. అల్మారాలోకి ఎక్కిన ధరను ఆర్నెల్లకే పెంచితే కొట్టువాళ్ల నోట్లో పడతారు.

ఎగ్జిబిషన్ స్టాల్‌లో 200 ప్యాకెట్లు పోయాయని మురిసిపోయేవాళ్లు చాలామంది. రుచి చూసి మొహమాటానికి కొన్నవాళ్లు మళ్లీ కొన్నారో లేదో స్టాల్ చెప్పదు, కిరాణా కొట్టు చెబుతుంది.

అందుకని ఊరంతా తిరగకండి. కూకట్‌పల్లి అయితే కూకట్‌పల్లిలోనే 20 కొట్లు. ఒక్కో కొట్టుకు 13 ప్యాకెట్లకు మించి దింపకండి. వారం వారం అదే రోజు వెళ్లి, ఎన్ని మిగిలాయో మీ చేత్తో లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. కొట్టాయన "బానే పోతోందండి" అన్న మాట లెక్కలోకి రాదు. మొదటి ఆర్డరు అల్మారా నింపడమే. రెండోది అడిగితేనే అమ్మినట్టు. అప్పు బిల్లు టు బిల్లు మాత్రమే: పాత బిల్లు కట్టాకే కొత్త సరుకు. ఆరు వారాలైనా సగం కదలని కొట్టు నుంచి, తేదీ దగ్గరపడకముందే ప్యాకెట్లు వెనక్కి తెచ్చి, కదిలే కొట్లో వేయండి.