కొత్త టౌన్‌షిప్‌లో ప్లాటుకు బయానా ఇచ్చే ముందు

దసరా దగ్గర పడుతుందంటే హనుమకొండ, వరంగల్ రోడ్ల మీద ఫ్లెక్సీలు మారిపోతాయి. ఇదివరకు వెంచర్ అంటే ప్లాట్లు, మట్టి రోడ్లు, గేటు కాడ ఒక కమాను. ఇప్పుడు ఊరి బయట చిన్న పట్నమే కడతామంటున్నారు. ముందు వరుసలో షాపులు, ఆఫీసులు, వెనక అపార్టుమెంట్లు, విల్లాలు, మధ్యలో స్కూలు, ఆసుపత్రి, పార్కు. నిజంగా కడితే మన ఊరికి మంచిదే. కానీ బ్రోచర్ చివరి పేజీలో చిన్న అక్షరాలతో ‘ప్రతిపాదిత’ అని ఉంటుంది చూడండి. నాకు భయం ఆ మాటతోనే. అనుమతి కాగితంలో లేని స్కూలుకు, ఆసుపత్రికి ఇవాళే గజానికి ఇంత అని డబ్బు కట్టొద్దు.

మా బావ కట్టాడు. 2019లో, అమ్మాయి పెళ్లికని దాచిన డబ్బుతో రెండు వందల గజాలు మాట్లాడుకున్నాడు. నోటరీ అగ్రిమెంట్ చేతిలో పెట్టి, మిగతాది కట్టినప్పుడు రిజిస్ట్రేషన్ అన్నారు. ఆయన డబ్బు సర్దుకునేలోపే, 2020 ఆగస్టులో, అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం ఆపేసింది. పోనీ ఎల్ఆర్ఎస్‌కు, అంటే అలాంటి ప్లాట్లను క్రమబద్ధం చేసే సర్కారు పథకానికి, పెడదామంటే రిజిస్టర్డ్ డాక్యుమెంట్ కావాలి, ఈయన దగ్గర ఉన్నది నోటరీ కాగితం. ఆ ఏడాదంతా ఇంట్లో ఒకటే టెన్షన్. అక్క ఇప్పటికీ ఆ రోడ్డు మీదుగా పోవాలంటే ఒప్పుకోదు.

రేటు పెంచడానికి వాళ్లు చెప్పే మాటల్లో చాలావరకు అబద్ధాలు ఉండవు, చిక్కంతా అక్కడే. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం ఇచ్చిన మాట నిజం. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో, కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలైలో శంకుస్థాపనలు జరిగిన మాటా నిజమే. కానీ అవి వస్తున్నాయి కాబట్టి ఈ వెంచర్‌కు అనుమతి వచ్చినట్టు కాదు. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఊళ్లలో ల్యాండ్ పూలింగ్, అంటే రైతుల భూములు కలిపి తీసుకొని లేఅవుట్ వేసి కొంత వాళ్లకే తిరిగివ్వడం, చేస్తామని స్వయంగా సర్కారే ముందుకొచ్చింది. రైతులు రోడ్డెక్కితే వెనక్కి తీసుకుంది. సర్కారు తలపెట్టిన పనే ఆగిపోయిందంటే, ప్రైవేటు వాళ్ల ప్రతిపాదన ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు?

అందుకే మొదటి పని, భూమి చూడటం. వాళ్ల కారులో, వాళ్ల భోజనం తిని, వాళ్లు చూపించిన వైపు నుంచి కాదు. మీ బండి మీద, గట్టి వాన పడ్డ మరుసటి రోజు పొండి. కిందటేడు ఒక స్నేహితుడి కోసం ధర్మసాగర్ వైపు ఒక జాగ చూడటానికి అట్లాగే పోయాను. తెల్ల సున్నం, ఎర్ర రంగు వేసిన హద్దురాళ్లు వరుసగా, ముచ్చటగా ఉన్నాయి. నాలుగో వరుస దాటాక చెప్పు దిగబడింది. వంగి చూస్తే రాళ్ల చుట్టూ మోకాలెత్తు తుంగ, గట్టు పక్కన ఎండ్రకాయల బొక్కలు. రాళ్ల మీద జానెడు ఎత్తున ఒండు చార. గొర్లు మేపే పెద్దాయనను అడిగితే, “మొన్నటి వానకు ఈడ మోకాళ్ల మట్టం నీళ్లున్నయ్ బిడ్డా, మీద చెరువు అలుగు పారితే ఇట్లనే వస్తయ్” అన్నాడు. బ్రోచర్‌లో అక్కడ క్లబ్‌హౌస్ ఉంది.

మనది కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు నిండి అలుగు పోస్తే కింది చెరువులోకి పోతుంది. మధ్యలో ఎండిన వాగు కనిపిస్తే అది ఖాళీ జాగ అనుకోవద్దు. 2023 జూలైలో హంటర్ రోడ్డు మునగడం, భద్రకాళి చెరువు కట్టకు గండి పడటం మనం కళ్లారా చూశాం. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని భవన నిబంధనలు చెబుతున్నాయి. నీటిపారుదల శాఖ ఇచ్చిన ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, అడగండి. ఊళ్లో ఇద్దరు ముసలివాళ్లను, వీలైతే చెరువు నీళ్లు వదిలే పని చేసిన పాత నీరటికాడిని, ఆ జాగను ఏ పేరుతో పిలిచేవారో అడగండి. శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, అన్న మాట వినపడిందా, ఇక అక్కడ ఆగొద్దు.

తర్వాత కాగితాలు. సర్వే నంబర్లు రాసుకొని, బై నంబర్లతో సహా, సర్కారు భూ రికార్డుల సైట్ అయిన భూభారతి పోర్టల్‌లో చూసుకోండి. పట్టా ఎవరి పేరు మీద ఉంది, నిషేధిత జాబితాలో ఉందా అన్నది తెలుస్తుంది. లావణి పట్టా, అంటే అసైన్డ్ భూమి అయితే, 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములూ వదిలేయండి. ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (చేతులు మారిన పాత దస్తావేజులు) ఒక లాయరుకు చూపించండి. ఆ లాయరును మీరే వెతుక్కోవాలి, కంపెనీ పంపిన మనిషి వద్దు. టౌన్‌షిప్ వంద ఎకరాలని చెబితే వందా వాళ్ల చేతిలో ఉన్నాయా, లేక ముప్పై కొని మిగతాది రైతులతో మాటల మీదే ఉందా అన్నది తేల్చుకోండి. అన్నింటికన్నా ఎక్కువ మోసం ఇక్కడే చూశాను. మధ్యలో ఒక రైతు నా రెండెకరాలు ఇవ్వనంటే మెయిన్ రోడ్డు అక్కడే ఆగిపోతుంది.

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) పరిధి అయితే మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమి ఏ జోన్‌లో ఉందో ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. 2041 మాస్టర్ ప్లాన్‌కు 2024 నవంబరులో ప్రభుత్వ ఆమోదం దొరికింది కాబట్టి పాత మ్యాపు చూపిస్తే ఒప్పుకోవద్దు. నివాస జోన్‌లో పెద్ద షాపింగ్ కాంప్లెక్స్, వ్యవసాయ జోన్‌లో విల్లాలు అంటుంటే భూ వినియోగ మార్పిడి ఉత్తర్వు ఏదని అడగండి. మామునూరు పరిసరాల్లో ఎత్తైన టవర్లు కడతామంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎత్తు అనుమతి కూడా ఉండాలి. లేఅవుట్ కాగితం తాత్కాలికమా, ఫైనలా అన్నది పైనే రాసి ఉంటుంది. పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు ఆ జాబితాలో లేదని చూసుకోండి.

డబ్బు సంగతికి వస్తే, రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ, ఇచ్చిన నంబరు లేనిదే రూపాయి ఇవ్వొద్దు. 500 చదరపు మీటర్లు దాటిన ఏ ప్రాజెక్టునైనా రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడానికీ అమ్మడానికీ వీల్లేదు, ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అన్న పేరు పెట్టినా సరే. నంబరు చెబితే నమ్మేయకుండా రెరా సైట్‌లో తెరిచి, అక్కడి ప్లాన్‌ను బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. స్కూలు, ఆసుపత్రి ఆ ప్లాన్‌లో కనిపిస్తేనే లెక్క. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. కాబట్టి చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ ఆ ప్రాజెక్టు ఖాతాకే. ‘సగం నగదు ఇస్తే రేటు తగ్గిస్తాం’ అంటే లేచి వచ్చేయండి. ఆ సగానికి రసీదు ఉండదు, రేపు గొడవైతే మీకు సాక్ష్యమూ ఉండదు. మంజూరైన ప్లాన్‌ను తర్వాత మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పార్కు జాగలో రేపు షాపులు లేపకుండా మీకున్న అడ్డు అదే.

ఇప్పటికే టోకెన్ ఇచ్చేసి ఉంటే కంగారు పడకండి, తరువాతి వాయిదా మాత్రం ఆపండి. రసీదు, బ్రోచర్, వాట్సాప్‌లో వాళ్లు పంపిన మెసేజ్‌లు, ఫోటోలు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు. ప్రకటనలో తప్పు చెప్పి అమ్మితే డబ్బు వడ్డీతో సహా తిరిగి అడిగే హక్కు రెరా చట్టం ఇచ్చింది, అప్పుడు ఆ బ్రోచరే మీకు సాక్ష్యం. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. మీతోపాటు కట్టినవాళ్ల ఫోన్ నంబర్లు ఈ వారంలోనే రాసుకోండి. మా బావ ఆ పని చేయలేదు, మిగతావాళ్లను వెతకడానికే ఆయనకు రెండేళ్లు పట్టింది.