గోదావరి తీరాన నమూనా రైలు: కంపెనీని, కంట్రోలరును ఎంచుకునే పద్ధతి

నమూనా రైళ్ల కంపెనీల పేర్లు చూడక ముందే స్కేలును, అంటే అసలు రైలుకు నమూనా ఎన్నో వంతు ఉండాలన్న నిష్పత్తిని, తేల్చుకోవాలి. రాజమహేంద్రవరం, కొవ్వూరుల నడుమనున్న ఆర్చ్ వంతెనలో ఒక్కొక్క కమాను సుమారు 97.5 మీటర్లు కాబట్టి, 1:87 నిష్పత్తి గల హెచ్‌వోలో అది 1.12 మీటర్లు, 1:160 నిష్పత్తి గల ఎన్‌లో 61 సెంటీమీటర్లు అవుతుంది. మామూలు గదికి ఎన్ స్కేలే నయమని నా అభిప్రాయం.

తరువాత కంట్రోలు. సాధారణ డీసీ (ఏకముఖ విద్యుత్తు) పద్ధతిలో పట్టాలకిచ్చే వోల్టేజీని మారిస్తే ఆ పట్టాలపై ఉన్న ఇంజన్లన్నీ కలిసే కదులుతాయి. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో మాత్రం పట్టాలలో విద్యుత్తు నిరంతరం ఉంటుంది, ప్రతి ఇంజన్‌లోని డీకోడరు అనే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. డీసీసీ ఉమ్మడి ప్రమాణం కనుక రోకో కంపెనీ వారి జెడ్21 కంట్రోలరుతో బాక్‌మన్, హార్న్‌బీ కంపెనీల డీసీసీ ఇంజన్లనూ నడపవచ్చు. మెర్క్లిన్ కంపెనీ హెచ్‌వో పట్టాల మధ్య మూడో విద్యుత్ వాహకం ఉంటుంది గనుక ఇతరుల రెండు పట్టాల ఇంజన్లు దానిపై నడవవు. అయితే ఆ సంస్థ ఎంఎఫ్‌ఎక్స్ అనే డిజిటల్ పద్ధతి గల ఇంజన్లు తగిన కంట్రోలరులో తమంతట తామే నమోదవుతాయి, కొత్తవారికి ఇది నిజంగా పెద్ద సౌకర్యం.

కోనసీమ వంటి తేమ ప్రాంతంలో ఇత్తడి పట్టాల కన్నా నికెల్ సిల్వర్ (నికెల్ కలిసిన రాగి మిశ్రమలోహం) పట్టాలే తీసుకోవాలి. డీసీసీ ఆదేశాలు పట్టాల మీదుగానే వెళ్తాయి కాబట్టి, నడిపే ముందు వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి.