విలియమ్స్‌బర్గ్ పూటకూళ్ల ఇంటి పల్లీ సూప్

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, విలియమ్స్‌బర్గ్ ఊళ్లో 1772లో జేన్ వోబ్ అనే ఆవిడ కింగ్స్ ఆర్మ్స్ టావెర్న్ పెట్టింది. భోజనం, మద్యం, రాత్రికి పడక అన్నీ దొరికేవి. మన మాటలో పూటకూళ్ల ఇల్లే. జార్జ్ వాషింగ్టన్ కూడా ఆవిడ దగ్గర భోంచేశాడు. ఇప్పుడున్నది మళ్లీ కట్టి 1951లో తెరిచిన ఇల్లు; అక్కడ పేరుపడ్డది పల్లీ సూప్. పల్లీ వంటను ఆ నేలకు తెచ్చింది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్లు. ఆ మాట చెప్పకుండా ఈ సూప్ గురించి చెప్పకూడదు.

ఐదారుగురికి పచ్చి పల్లీలు 280 గ్రాములు, వెన్న 30 గ్రాములు, చిన్న ఉల్లిపాయ, ఒక సెలరీ కాడ, మైదా ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, కోడి ఎముకలు మరిగించి వడగట్టిన నీళ్లు 950 మి.లీ., పల్చటి క్రీమ్ 200 మి.లీ. కావాలి.

పల్లీలు సన్న సెగ మీద పొట్టు చిట్లేదాకా వేయించండి. మాడితే చేదు సూపంతా పాకుతుంది, దానికి విరుగుడు లేదు. చల్లారాక పొట్టు నలిపి చెరిగి, పైన చల్లడానికి గుప్పెడు తీసి, మిగతావి నూనె తేలి జారేదాకా మిక్సీ పట్టండి. నీళ్లు వేయొద్దు. కొన్న పీనట్ బటర్ వాడితే చక్కెర లేనిదే తీసుకోండి.

వెన్నలో సన్నగా తరిగిన ఉల్లి, సెలరీ రంగు మారకుండా మగ్గించి, మైదా వేసి పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు కలపండి. ఎముకల నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. ఒక పొంగు రానిచ్చి వడగట్టండి.

అసలు తడబాటు ఇక్కడే. పల్లీ ముద్దలో ఆ వడగట్టిన వేడి రసం గరిటెడు పోయగానే అది బిగిసి, విరిగినట్టు గరుకుగా అవుతుంది. చెడిపోలేదు. రెండో గరిటె, మూడో గరిటె పోస్తూ తిప్పితే మీగడలా నునుపు తేలుతుంది. అప్పుడే దాన్ని గిన్నెలోని మిగతా రసంలో కలిపి, క్రీమ్ పోసి, సన్న సెగ మీద ఐదు నిమిషాలు వేడెక్కనివ్వండి. మరిగిస్తే నూనె విడిపోతుంది. విడిపోతే దించి గట్టిగా గిలక్కొట్టండి. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి.

ఇంగువ తాలింపు పెట్టాలనిపిస్తుంది. పెడితే అది మన చారవుతుంది, ఆ పాత రుచి పోతుంది. చిన్న గిన్నెల్లో పోసి పైన కచ్చాపచ్చా పల్లీలు చల్లండి. వడ్డించే ముందు పల్లీ పడనివాళ్లున్నారేమో తప్పక అడగండి. మిగిలింది ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, కాస్త ఎముకల నీళ్లు పోసి సన్న సెగ మీదే వెచ్చబెట్టండి.