టికింటర్‌లో విండో పరిమాణాన్ని అదుపులో పెట్టుకోవడం ఎలా

విండోకు 400 పిక్సెళ్ల వెడల్పు, 300 పిక్సెళ్ల ఎత్తు అని ముందే కొలత ఇచ్చి, ఆ తర్వాత దానిలో విడ్జెట్లు (బటన్లు, రాసే పెట్టెల వంటి తెర భాగాలు) పేర్చుకుంటూ పోతే, ఎప్పుడో ఒకప్పుడు చివరి బటన్ సగం తెగి కనిపిస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చే, విండోలు తయారుచేసే లైబ్రరీ అయిన టికింటర్‌లో లెక్క కింది నుంచి పైకి నడుస్తుంది. ప్రతి విడ్జెట్ తన అక్షరాలను, ఫాంటును, అంచులను బట్టి తనకెంత చోటు కావాలో అడుగుతుంది. విడ్జెట్లను పేర్చే పద్ధతులైన ప్యాక్ (ఒకదాని తర్వాత ఒకటి) లేదా గ్రిడ్ (గడులుగా) ఆ కోరికలన్నిటినీ కూడి, విడ్జెట్లను పట్టి ఉంచే ఫ్రేముకు, ఫ్రేము నుంచి విండోకు చేరవేస్తుంది. విండోకు దక్కిన చోటు ఆ తర్వాతే పై నుంచి కిందికి పంపకమవుతుంది.

ఫ్రేముకు వెడల్పు 300 అని రాసినా, దానిలో ఒక బటన్ పెట్టగానే అది ఆ బటన్ అంతకు కుంచించుకుపోయేది ఇందువల్లనే. ప్యాక్_ప్రాపగేట్‌కు ఫాల్స్ ఇచ్చి దీన్ని ఆపవచ్చు గాని, ఆ అవసరం నిజంగా వచ్చేది చాలా అరుదు. జామెట్రీ పద్ధతితో కొలత ఇచ్చినా, వాడేవారు విండో అంచు పట్టుకుని లాగినా, ఆ క్షణం నుంచి విండో లోపలి కోరికలను పట్టించుకోదు. అదే జామెట్రీకి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే మళ్లీ సహజ పరిమాణానికి వస్తుంది.

కొలమానాల విషయంలో జాగ్రత్త అవసరం. ఫ్రేము, క్యాన్వాస్‌ల వెడల్పు పిక్సెళ్లలో ఉంటుంది. ఒకే వరుస రాసే ఎంట్రీ, అనేక వరుసలు రాసే టెక్స్ట్‌లతో పాటు అక్షరాలు చూపే లేబుల్ వెడల్పు మాత్రం అక్షరాల లెక్కలో, అంటే ఆ ఫాంటులో సున్నా అంకె ఆక్రమించే వెడల్పును ప్రమాణంగా తీసుకుని ఉంటుంది. తెలుగు లేబుళ్లు పెట్టేవారికి ఇది ఒక చిక్కు. ‘శ్రీ’ కంటికి ఒకే అక్షరమైనా పైథాన్ లెన్ ఫంక్షన్ దాన్ని 4గా లెక్కిస్తుంది, తెరమీద అది పట్టే చోటు ఆ రెంటితోనూ సరిపోలదు. అందువల్ల తెలుగు లేబుల్‌కు వెడల్పు ఇవ్వకుండా వదిలేసి, తన చోటును తననే అడగనివ్వడం మేలు.

ఇక పేరు కోసం ఒక ఎంట్రీ, దాని కింద వివరాలకు ఒక టెక్స్ట్ పెట్టె, అడుగున ‘భద్రపరచు’ బటన్ ఉన్న ఫారాన్ని గ్రిడ్‌తో కడుతున్నామనుకుందాం. విండోను సాగదీస్తే మిగులు చోటు ఎవరికి వెళ్లాలో వెయిట్ చెబుతుంది. మనం ఇవ్వకపోతే అది 0, కనుక ఏ గడీ పెరగదు. ఎంట్రీ ఉన్న నిలువు వరుసకూ టెక్స్ట్ ఉన్న అడ్డు వరుసకూ వెయిట్ 1 ఇచ్చి, టెక్స్ట్‌కు స్టిక్కీలో (విడ్జెట్ గడి ఏ అంచులకు అంటుకోవాలో చెప్పేది) నాలుగు దిక్కులూ, ఎంట్రీకి తూర్పు పడమరలూ రాయాలి. స్టిక్కీ మరిస్తే గడి పెరుగుతుంది గాని, విడ్జెట్ పాత పరిమాణంలోనే దాని నడుమ నిలిచిపోతుంది. ఫారమంతా ఒక ఫ్రేములో ఉంటే, ఆ ఫ్రేము ఉన్న విండో గడికి కూడా వెయిట్, ఫ్రేముకు స్టిక్కీ ఉండాలి; నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ పై మెట్టును మరిచినవే. రెండు నిలువు వరుసలకు 1, 2 వెయిట్లు ఇచ్చినంత మాత్రాన వాటి వెడల్పులు 1:2గా రావు, ఎందుకంటే ఆ నిష్పత్తి మిగులుకే వర్తిస్తుంది.

విండో మరీ చిన్నది కాకుండా ఆపాలంటే, విడ్జెట్లన్నీ పెట్టాక అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్ పిలిచి (మిగిలిన లెక్కలు పూర్తి చేయించి), విన్ఫో_రెక్‌విడ్త్, విన్ఫో_రెక్‌హైట్ ఇచ్చే, విండో కోరే వెడల్పు ఎత్తుల అంకెలను మిన్‌సైజ్‌కు అందించాలి. విండో ఇంకా తెరమీదికి రాకముందే విన్ఫో_విడ్త్ అడిగితే 1 అని వస్తుంది. అది దోషం కాదు, పంపకం ఇంకా జరగలేదని అర్థం.

ఇదే ఫారాన్ని ప్యాక్‌తో కట్టేవారు పిలిచే వరుసను గమనించుకోవాలి. చోటు చాలనప్పుడు చివర ప్యాక్ చేసినదే ముందుగా తెగిపోతుంది. టెక్స్ట్ పెట్టె ఏమో మనం చెప్పకపోతే 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు అడుగుతుంది. కాబట్టి తెరమీద అడుగున కనిపించే బటన్‌ను సైడ్ బాటమ్‌తో ముందుగా ప్యాక్ చేసి, ఎక్స్‌పాండ్, ఫిల్ (మిగులు చోటు తీసుకుని నిండమనేవి) ఇచ్చిన టెక్స్ట్‌ను ఆఖరున పెట్టాలి.