మోటారు సైకిల్ ప్రైమరీ, గేర్‌బాక్స్ ఆయిళ్లు, వాటి వెంట్ గొట్టాలు: ఎలా చూసుకోవాలి?

చాలా మోటారు సైకిళ్లలో ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్‌బాక్సుకు కలిపి ఒకే ఆయిల్ ఉంటుంది కాబట్టి, ఒక్క బోల్టు విప్పి పాత ఆయిల్ తీసేసి కొత్తది పోస్తే పని ముగుస్తుంది. అయితే హార్లే-డేవిడ్‌సన్ బిగ్ ట్విన్ (పెద్ద రెండు సిలిండర్ల ఇంజిన్ ఉన్న) బండ్లలోనూ, కాస్ట్ ఐరన్ ఇంజిన్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లలోనూ ఇవి మూడు వేర్వేరు గదులు. ఇంజిన్ శక్తి ఎడమ వైపున ఉండే ప్రైమరీ చెయిన్ ద్వారా క్లచ్‌కు, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు చేరుతుంది. చెయిన్, క్లచ్ ఉండే గదికి (దీన్నే ప్రైమరీ అంటారు) ఒక ఆయిల్, గేర్లు ఉండే గదికి మరొక ఆయిల్ పోయాలి. హార్లేలోనే ఎయిర్ కూల్డ్ స్పోర్ట్‌స్టర్ బండ్లకు మాత్రం ప్రైమరీ, గేర్‌బాక్సు రెండింటికీ కలిపి సుమారు 950 మి.లీ. ఆయిల్ సరిపోతుంది. మీ బండి ఏ రకానికి చెందినదో మాన్యువల్‌లో చూసుకున్న తరువాతే స్పానరు పట్టుకోవాలి.

ఈ గదులకు ఆయిల్ ఎంత అవసరమో గాలి రాకపోకలకు దారి కూడా అంతే అవసరం. ఆయిల్ మార్చే అలవాటు చాలామందికి ఉంది కానీ, ఆ దారిగా పనిచేసే చిన్న రబ్బరు గొట్టాన్ని చూసేవారు తక్కువ. అందుకే ఇక్కడ దాని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

గొట్టం ఎందుకు ఉంటుంది?

ఉదయం 25 డిగ్రీల దగ్గర ఉన్న గది లోపలి గాలి, బండి గంటసేపు నడిచాక 95 డిగ్రీలకు చేరిందనుకుందాం. బయటికి పోయే దారి లేకపోతే లోపలి పీడనం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. పైగా వేడికి ఆయిల్ కూడా వ్యాకోచించి గాలికి ఉన్న చోటును ఇంకా తగ్గిస్తుంది. తిరిగే షాఫ్టుల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ల పని చిందే ఆయిల్‌ను ఆపడమే తప్ప, పీడనాన్ని తట్టుకోవడం కాదు. కాబట్టి ఆ పీడనం పుల్లీ వెనుక ఉన్న మెయిన్ సీలు దగ్గరో, గేర్ మార్చే షాఫ్టు దగ్గరో, క్లచ్ కేబుల్ లోపలికి వెళ్లే చోటో ఆయిల్‌ను బయటికి నెడుతుంది. బండి చల్లారేటప్పుడు ఇదే వ్యవహారం తిరగబడుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి గాలిని పీల్చుకుంటుంది, గొట్టం కొస నీటిలో ఉంటే నీటినీ పీల్చుకుంటుంది.

నా బండిలో పుల్లీ వెనుక ఆయిల్ తడి కనిపించినప్పుడు ఒక వర్క్‌షాపులో మెయిన్ సీలు మార్పించాను. రెండు నెలలు తిరిగేసరికి అదే చోట మళ్లీ తడి వచ్చింది. ఈసారి సీటు, బ్యాటరీ తీసి నేనే చూశాను. గేర్‌బాక్సు పైనుంచి వచ్చే గొట్టం బ్యాటరీ ట్రే అంచు కింద పడి, చదునుగా నలిగిపోయి ఉంది. దాన్ని ఊడదీసి ఒక కొసన నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోలేదు. గొట్టం మార్చి, పుల్లీ వెనుక శుభ్రంగా తుడిచిన తరువాత ఆ సీలు ఈనాటికీ పొడిగానే ఉంది. సీలు కారుతోందని ఎవరైనా చెప్పినప్పుడు ముందు గొట్టం చూడండి. పది నిమిషాల్లో అయ్యే ఆ పని, పుల్లీ విప్పే శ్రమను చాలాసార్లు తప్పిస్తుంది.

ఏ ఆయిల్, ఎప్పుడు?

హార్లే బిగ్ ట్విన్ బండ్లకు ప్రైమరీ ఆయిల్‌ను 16,000 కిలోమీటర్లకు, గేర్‌బాక్స్ ఆయిల్‌ను 32,000 కిలోమీటర్లకు మార్చడం సాధారణంగా ఇచ్చే గడువు. కొత్త బండికైతే 1,600 కిలోమీటర్ల దగ్గరే మొదటి మార్పు. నీటిలో నడిపిన బండికి, ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న బండికి ఆ గడువు కోసం ఎదురుచూడకూడదు.

ప్రైమరీలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి కాబట్టి, అక్కడ తడి క్లచ్‌కు సరిపోతుందని రాసి ఉన్న ఆయిల్, అంటే డబ్బాపై జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్నది, లేదా తయారీదారు ఆ గదికే ప్రత్యేకంగా చెప్పినది వాడాలి. కార్ల కోసం ఘర్షణ తగ్గించే మందులు కలిపిన ఆయిల్ పోస్తే ప్లేట్లు జారతాయి. గేర్‌బాక్సులో గేరు పళ్ల మీద ఒత్తిడి ఎక్కువ కాబట్టి 75డబ్ల్యూ-90 వంటి గేర్ ఆయిల్‌ను అనుమతించిన బండ్లు ఉన్నాయి. ఆ ఆయిల్‌ను ప్రైమరీలో మాత్రం పోయకూడదు.

పాత ఆయిల్ తీయడం

పదిహేను నిమిషాలు బండి నడిపి వచ్చి, ఇంజిన్ ఆపి, సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే పలుచబడి, అడుగున చేరిన మడ్డితో సహా దిగిపోతుంది. కాలేంత వేడిగా ఉంటే కొంతసేపు ఆగండి, సైలెన్సర్ గొట్టాలు చేతికి దగ్గరగానే ఉంటాయి. డ్రెయిన్ బోల్టు విప్పే ముందు ఆయిల్ పోసే మూత తేలిగ్గా వస్తుందో లేదో చూడాలి. ఆయిల్ అంతా తీసేశాక పై మూత బిగుసుకుపోయిందని తెలిస్తే బండి కదలలేని స్థితిలో ఉండిపోతుంది.

ఏ బోల్టు దేనిదో రెండుసార్లు సరిచూసుకోండి. హార్లే టూరింగ్ బండ్లలో ఇంజిన్ ఆయిల్ పాన్ గేర్‌బాక్సు కిందే ఉంటుంది, రెండింటి డ్రెయిన్ బోల్టులూ దాని మీదే కనిపిస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్ అనుకుని ఇంజిన్ ఆయిల్ తీసేసి, కొత్త ఆయిల్‌ను గేర్‌బాక్సులో పోసినవారు ఉన్నారు. అప్పుడు గేర్‌బాక్సు పొంగిపొర్లుతుంది, ఇంజిన్ ఎండిపోతుంది.

ప్రైమరీకి ఒక పాత్ర, గేర్‌బాక్సుకు మరొక పాత్ర పెట్టి, దిగిన ఆయిల్‌ను కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఈ కొలత ఎందుకంటే, గేర్‌బాక్సు మెయిన్ షాఫ్టు బోలుగా ఉండి, క్లచ్‌ను నెట్టే కడ్డీ దాని గుండానే వెళ్తుంది. గేర్‌బాక్సులో పీడనం పెరిగితే ఆ సందులోంచి ఆయిల్ ప్రైమరీలోకి చేరుతుంది. బయట ఒక్క చుక్క కూడా కనిపించదు, ఒక గదిలో మట్టం తగ్గి మరొక గదిలో పెరుగుతుంది. పోసింది ఎంతో, దిగింది ఎంతో రాసి పెట్టుకున్నవారికే ఈ విషయం బయటపడుతుంది.

డ్రెయిన్ బోల్టు కొసన ఉన్న అయస్కాంతానికి మెత్తని బూడిద రంగు ముద్ద అంటుకుని ఉండడం సహజం. వేళ్ల మధ్య రుద్దితే అది కాటుకలా జారాలి. గుచ్చుకునే ముక్కలు, గేరు పంటి అంచులా కనిపించే పెచ్చులు ఉంటే కొత్త ఆయిల్ పోసి ఊరుకోకుండా గేర్‌బాక్సు విప్పించాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే.

కొత్త ఆయిల్ పోయడం

బోల్టుకు కొత్త ఓ-రింగు వేసి, మరలు తుడిచి, మొదట చేత్తోనే తిప్పండి. బిగింపు హార్లే బిగ్ ట్విన్ బండ్లలో చాలావాటికి 19 నుంచి 28 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కేసు అల్యూమినియంది కాబట్టి బలం కొద్దీ బిగిస్తే మరలే పోతాయి.

6 గేర్ల బిగ్ ట్విన్ గేర్‌బాక్సుకు సుమారు 830 నుంచి 950 మి.లీ. పడుతుంది. చెప్పిన పరిమాణం కంటే కొంచెం తక్కువ పోసి, డిప్‌స్టిక్‌తో (ఆయిల్ మట్టం చూపే గీతల పుల్లతో) చూస్తూ మిగతాది కలపండి. కొలిచేటప్పుడు బండి నిటారుగా ఉండాలా, సైడ్ స్టాండు మీద ఉండాలా, డిప్‌స్టిక్ తిప్పి బిగించాలా, బిగించకుండా మరల అంచు మీద ఆనించి ఉంచితే సరిపోతుందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే కొలత తప్పి ఆయిల్ ఎక్కువైపోతుంది.

ప్రైమరీ మట్టానికి డిప్‌స్టిక్ ఉండదు. క్లచ్ మీది గుండ్రటి డెర్బీ కవర్ తీసి, బండిని నిటారుగా పట్టుకున్నప్పుడు ఆయిల్ డయాఫ్రమ్ స్ప్రింగు (క్లచ్ ప్లేట్లను నొక్కి ఉంచే పళ్లెం లాంటి గుండ్రటి స్ప్రింగు) కింది అంచును తాకుతుంటే మట్టం సరిగ్గా ఉన్నట్టు. బండి సైడ్ స్టాండు మీద ఎడమకు వాలి ఉండగా ఆ కవర్ తీస్తే ఆయిల్ కాళ్ల మీదికి వస్తుంది. ప్రైమరీలో ఆయిల్ ఎక్కువైతే క్లచ్ లివరు నొక్కినా ప్లేట్లు పూర్తిగా విడవవు, న్యూట్రల్ దొరకడం కష్టమవుతుంది, మిగులు ఆయిల్ గొట్టం గుండా బయటికి వస్తుంది. కవర్ రింగును పరిశీలించి, స్క్రూలను ఒకదానికి ఎదురుగా ఉన్నదాన్ని తరువాత బిగిస్తూ సమంగా ముగించండి.

గొట్టాల పరీక్ష

గేర్‌బాక్సు పైభాగంలో ఉన్న చిన్న నిపుల్ (గొట్టం తొడిగే మొన) నుంచి, ప్రైమరీ గదికి వేరే గొట్టం ఉంటే దాని నిపుల్ నుంచి కూడా, గొట్టం కొస వరకు చేత్తో తడుముతూ వెళ్లండి. కొన్ని మోడళ్లలో ఇది ఎయిర్ క్లీనర్ దాకా వెళ్తుంది కాబట్టి, అక్కడి ఫిల్టరు ఆయిల్‌తో తడిసి ఉంటే కారణాలలో దీన్నీ చూడాలి. కేబుల్ టై గట్టిగా బిగిసిన చోటు, ఫ్రేముకు, బ్యాటరీ ట్రేకు మధ్య ఇరుక్కున్న చోటు, సైలెన్సర్ వేడికి మెత్తబడి అతుక్కుపోయిన చోటు ఎక్కువగా దొరుకుతాయి.

గొట్టాన్ని ఊడదీసి నోటితో మెల్లగా ఊదండి, గాలి అడ్డం లేకుండా పోవాలి. నిపుల్ రంధ్రంలో మట్టి చేరి ఉంటే మడ్డి లోపలికి పడకుండా సన్నని తీగతో బయటికి లాగాలి. గేర్‌బాక్సుకు అమర్చి ఉన్న గొట్టంలోకి కంప్రెసర్ గాలి మాత్రం పెట్టవద్దు, సీళ్లను పాడుచేయడానికి అది చాలు.

కొత్తది కొనేటప్పుడు ఆయిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టాన్ని, నిపుల్‌కు సరిపోయే లోపలి వ్యాసంతో తీసుకోండి. పారదర్శక ప్లాస్టిక్ గొట్టం లోపలి ఆయిల్ కనిపిస్తుందని ఆకర్షిస్తుంది కానీ, వేడికి మెత్తబడి వంపు దగ్గర మూసుకుపోతుంది, తరువాత గట్టిపడి పగులుతుంది. గొట్టం నిపుల్ నుంచి కొంత పైకి లేచి, ఆ తరువాత ఎక్కడా కిందికి జారి మళ్లీ పైకి ఎక్కే వంపు లేకుండా దిగాలి. అలాంటి వంపులో ఆవిరి నీరు, ఆయిల్ నిలిచి బిరడాలా అడ్డుపడతాయి. కింది కొసను ఏటవాలుగా కోస్తే, దేనికైనా ఆనినా పూర్తిగా మూసుకుపోదు. ఆ కొస వెనుక టైరు, బ్రేక్ డిస్కు, బెల్టు మీద చుక్క పడని చోట ఉండాలి, సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి.

పని అయ్యాక ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి, బోల్టుల చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. పాత ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. 150 కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లారిన తరువాత రెండు గదుల మట్టాలనూ మళ్లీ కొలిచి, ఆ అంకెలను ముందు రాసుకున్న వాటి పక్కనే రాయండి. ఒకటి తగ్గి మరొకటి పెరిగి ఉంటే గొట్టాన్ని మరోసారి నోటితో ఊది చూడండి. గాలి తేలిగ్గానే పోతుంటే, అప్పుడు క్లచ్ కడ్డీ వెళ్లే దారినీ, మెయిన్ షాఫ్టు సీలునూ అనుమానించి మెకానిక్‌కు ఆ అంకెలు చూపించండి.