ఎయిర్‌పోర్టుల కారు కౌంటర్ పట్టాలంటే

వరంగల్ కాడి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025ల కేంద్రం అనుమతి ఇచ్చిన కాడి నుంచి హన్మకొండ ట్రావెల్సోళ్ళు అడిగేది ఒక్కటే: "అన్నా, లోపల కార్లు కిరాయికిచ్చే కౌంటర్ ఎట్ల దొరుకుతది?"

చౌరస్తాల మడిగె మాట్లాడుకున్నట్టు ఓనర్‌తోని తేలే బేరం కాదిది. కేంద్ర సర్కారు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడిపేదైతే అదే టెండర్ పిలుస్తది. శంషాబాద్ లాంటి ప్రైవేటు ఎయిర్‌పోర్టు కాడ దాన్ని నడిపే కంపెనీయే ఇస్తది.

టెండర్ కాగితాల్ల ముందు రెండు అంకెలు చూడండి: నెలకు కనీస గ్యారంటీ, అమ్మకంల వాటా. మామూలుగా ఏది ఎక్కువైతే అది కట్టాలె. గ్యారంటీ లక్ష, వాటా 15 శాతం అనుకోండి. పెండ్లిళ్ళ సీజన్ల బిల్లులు 10 లక్షలైతే లక్షన్నర కడతరు. ఆషాఢంల 4 లక్షలే అయితే వాటా 60 వేలు, అయినా లక్ష వదలరు. పైన 18 శాతం జీఎస్టీ. కరెంటు వేరే, ఏటేటా పెంపు వేరే. అందుకే బిడ్ వేసేటప్పుడు ఆషాఢం లెక్కే పట్టుకోండి.

వాటా తీసేది లాభం మీద కాదు, మొత్తం బిల్లు మీద. డీజిల్, డ్రైవర్ బత్తా మీ నెత్తినే. టోల్ పైసలు అమ్మకంల కలుపుతరా లేదా అన్నది బిడ్లు వేసే ముందు పెట్టే ప్రీ-బిడ్ మీటింగ్‌ల కాగితం మీద అడగండి, నోటి మాట నడవదు.

కౌంటర్ ఎక్కడొస్తదో మ్యాపు కూడా చూడండి. బ్యాగుల బెల్టు నుంచి బయటికొచ్చే దారిల ఉన్న చిన్న టేబుల్, మూలకున్న పెద్ద గది కన్నా నయం. కార్లు ఆపే జాగా కౌంటర్ కిరాయిలనే ఉన్నదా, దానికి వేరే కట్టాల్నా?

కౌంటర్ల పని చేసే పిల్లగాండ్లకు పోలీస్ వెరిఫికేషన్ కాకుంటే లోపలి పాస్ రాదు. పాసుల కంటే ముందే కిరాయి మొదలైతదా అన్న షరతు చదివినంకనే సంతకం పెట్టండి.